పాలు పొంగిన ఆదివారం

ఆ బేస్‌మెంట్‌కి ఉన్నది ఒకటే కిటికీ. అదీ పూర్తి కిటికీ కాదు. గోడకి బాగా పైన, బయటి నేలకి సమంగా, మూరెడు వెడల్పున జానెడు ఎత్తున ఒక గాజుపలక. అందులోంచి ఆకాశం కనబడదు. డ్రైవ్‌వేలో కారు టైర్లు, వచ్చిపోయేవాళ్ళ బూట్లు, మంచు పడితే మంచు. ఆదివారం పొద్దున హాల్లో పడుకునే కుర్రాళ్ళు లేవకముందు చంద్రిక దాని కింద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని పావుగంట కూర్చునేది. ఏమీ ఆలోచించేది కాదు. వారంలో మిగతా సమయమంతా ఆమె బుర్రనిండా ఇతరుల చప్పుళ్ళే. అవినాష్ దగ్గు, ఎవరి ఫోనో మోగడం, ఫ్లష్ లాగిన నీళ్ళు పైపుల్లో దిగడం, పైన ఓనరు గారి భార్య మిక్సీ. ఆ పావుగంటలో ఆ చప్పుళ్ళన్నీ కాస్త అణిగేవి. వాటి అడుగున తనదంటూ ఒక మనసు ఇంకా మిగిలి ఉందో లేదో ఆమె తడిమి చూసుకునేది. ఉండేది. ఉందని తెలిశాక లేచి వెళ్ళి పప్పు కడిగేది.

శుక్రవారం సాయంత్రం ఆమె పని నుంచి వచ్చేసరికి ఆ కిటికీ లేదు. ఆ మూలకి అడ్డంగా ప్లైవుడ్ నిలబెట్టి, మధ్యలో ఒక పాత దుప్పటిని తలుపులా వేలాడదీశారు.

"కొత్తజంట చంద్రికమ్మా," అన్నాడు ఆంజనేయప్రసాద్, చేతిలో డ్రిల్లింగ్ మెషీనుతో. ఇల్లు ఆయనదే, పై అంతస్తులో ఉంటాడు. "పాపం, చెకింగులు మొదలయ్యాక వాళ్ళ అపార్ట్‌మెంటోళ్ళు లీజు రెన్యూ చెయ్యలేదట. మనవాళ్ళని మనం చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు చెప్పు?"

"ఇప్పటికే ఏడుగురం ఉన్నాం ప్రసాద్ గారూ. ఒక్కటే బాత్రూమ్."

"తొమ్మిదైతే ఏమైంది? నవగ్రహాలు. గుళ్ళో ఒక్క గద్దె మీద సర్దుకోవట్లా?"

"వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు అంకుల్, అందుకే సర్దుకున్నారు," అన్నాడు కుర్రాళ్ళలో ఒకడు, పరుపు మీద పడుకున్న అవినాష్.

అందరూ నవ్వారు. చంద్రిక కూడా నవ్వింది. నవ్వుతూనే ఆ ప్లైవుడ్ వైపు చూసింది. దాని మీద ఏదో పెట్టె తాలూకు బాణం గుర్తు ఉంది, ఇటు పైకి అని. దాన్ని తలకిందులుగా బిగించారు.

సముద్రాలవతల ఎక్కడో యుద్ధం మొదలైన ఆరు నెలలకి ఈ ఊళ్ళోకి సైనికులు వచ్చారు. టీవీలో దానికి అత్యవసర పరిస్థితి అనో, భద్రత అనో పేరు పెట్టారు. రైల్వేస్టేషన్ దగ్గర, హైవే దిగే చోట, పెద్ద స్కూలు మైదానంలో ఇసుకరంగు బళ్ళు నిలిచాయి. వాళ్ళ వెనకే మాస్కులవాళ్ళు వచ్చారు. వాళ్ళ వ్యాన్లకి నంబరు ప్లేట్లు ఉండవు, వాళ్ళకి మొహాలు ఉండవు. ఎవరిని ఎందుకు ఆపుతారో ఎవరికీ తెలియదు. పేపర్లు సరిగ్గా ఉన్నవాళ్ళనీ తీసుకెళ్ళారని ఒకరు, లేనివాళ్ళని వదిలేశారని ఒకరు చెప్పుకునేవాళ్ళు. రెండూ నిజమే కావడం వల్ల మనిషికి తన భయాన్ని పెట్టుకోవడానికి ఒక చోటు లేకుండా పోయింది. కొన్నాళ్ళకి ఆ భయం వాతావరణంలా అలవాటైంది. గొడుగు పట్టుకెళ్ళినట్టు జనం మెడలో సంచీ కట్టుకుని, అందులో పాస్‌పోర్టు పెట్టుకుని పనికి వెళ్ళేవారు.

చంద్రిక పక్క ఊరు ఐసెలిన్‌లో నళిని గారి వంటశాలలో ఇడ్లీపిండి రుబ్బేది. భర్త రఘు ఒక గోడౌన్‌లో డబ్బాలు ఎత్తేవాడు. రెండేళ్ళ క్రితం వరకూ అతను వేరే రాష్ట్రంలో, ఫ్రిస్కోలో ఒక పెద్ద కంపెనీలో డేటాబేస్ మనిషి. వాళ్ళకి నాలుగు పడగ్గదుల ఇల్లు ఉండేది. ఉద్యోగం పోయింది, వీసా నిలవాలంటే ఇంకో ఉద్యోగం వెతుక్కోమని ఇచ్చిన అరవై రోజులూ గడిచాయి, ఇల్లు పోయింది. ఉండనివ్వమని పెట్టిన అప్లికేషన్ ఎక్కడో పెండింగులో ఉంది. అది పెండింగులో ఉన్నంతకాలం రఘు ఈ దేశంలో ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. అలాంటి మనిషి భార్యగా చంద్రిక, కూతురిగా పదేళ్ళ అవని కూడా అంతే. కాకపోతే అవని ఇక్కడే పుట్టింది, కాగితాల మీద ఈ దేశపు మనిషే. ఆ సంగతి అప్పుడప్పుడూ ఇద్దరికీ గుర్తొచ్చి, తమ బిడ్డ తమకన్నా పెద్దదన్నట్టు ఆమె వైపు చూసేవాళ్ళు.

వాళ్ళ గదికి తలుపుంది. ఆ బేస్‌మెంట్‌లో అది ఒక్కటే గది. మిగతా హాల్లో నలుగురు కుర్రాళ్ళు పరుపులు పరుచుకుని ఉండేవాళ్ళు. ఈ పదకొండు నెలల్లో రఘూ చంద్రికా పూర్తి గొంతుతో ఒక్క మాట మాట్లాడుకోలేదు. తగువు కూడా గుసగుసల్లోనే. గుసగుసగా తిట్టుకుంటే కోపం బయటికి పోదని, లోపలే పేరుకుంటుందని చంద్రికకి అనుభవం మీద తెలిసింది. ఎవరి మీద కోపమో కూడా మర్చిపోయాక అది ఊరికే మిగిలి ఉంటుంది, వాడకానికి సిద్ధంగా.

రఘు ఇంటికి ఒకే ఒక నియమం పెట్టాడు. "వాళ్ళు ఊరికే ఇళ్ళల్లోకి రారు. ఏదో ఒకటి పిలిస్తే వస్తారు. మనం పిలవకూడదు, అంతే."

పిలవగలిగింది ఆ ఇంట్లో ఒకటుంది. పొగ అలారం. ప్రసాద్ గారు కొనకముందు ఆ బేస్‌మెంట్‌లో పిల్లల డే కేర్ నడిచేది. అప్పుడు పెట్టిన అలారం అది, మామూలు బ్యాటరీ అలారం కాదు. మోగితే ఏదో కంపెనీకి తెలుస్తుంది. వాళ్ళు ఓనరుకి ఫోన్ చేస్తారు, ఆయన రహస్యపు మాట చెబితే సరే, లేకపోతే ఫైరింజన్ పంపుతారు. తీసేయించాలంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. ఇన్‌స్పెక్టర్ వస్తే కింద ఇంతమంది ఉన్నట్టు తెలుస్తుంది. అందుకని అది అలాగే పైన ఎర్రకన్ను ఆర్పుతూ వెలిగిస్తూ ఉండిపోయింది, సరిగ్గా రెండు పొయ్యిల హాట్‌ప్లేట్ పెట్టిన చోటికి రెండడుగుల అవతల. మొదట్లో చంద్రిక పెట్టిన పులుసు పోపుకి ఒకసారి, అవినాష్ వేయించిన ఎండుమిరపకాయలకి ఒకసారి మోగింది. రెండుసార్లూ ప్రసాద్ గారు ఫోన్ ఎత్తి మాట చెప్పి, ఆ తర్వాత కిందికి దిగి అందరినీ కడిగేశాడు. అప్పటి నుంచి పొయ్యి వెలిగించే ముందు మోటెల్లో ఇచ్చే ప్లాస్టిక్ షవర్ క్యాప్ ఒకటి అలారానికి తొడగడం, వంటయ్యాక తియ్యడం. ఎక్కువ వండేది చంద్రికే కాబట్టి క్యాప్ ఆమె గదిలో మేకుకి ఉండేది. కుర్రాళ్ళకి కావాలంటే తలుపు కొట్టి, "అక్కా, టోపీ," అని అడిగేవాళ్ళు.

శనివారం కొత్తజంట వచ్చారు. హర్షిత్, స్పందన. పెళ్ళై ఏడాది కాలేదు. అతను ఏదో బ్యాంకు ప్రాజెక్టులో పనిచేస్తున్నాడు, ఆమె వచ్చి ఎనిమిది నెలలు. రెండు సూట్‌కేసులు, ఒక రైస్ కుక్కర్, ఒక దేవుడి పటాల అట్టపెట్టె. ఆ ప్లైవుడ్ గదిలో పరుపు పరిస్తే నిలబడటానికి చోటు లేదు. ఆ పిల్ల మాత్రం దుప్పటి పక్కకి లాగి తొంగి చూసి, "కిటికీ ఉంది చూడు!" అంది మొగుడితో, అంతఃపురం దొరికినట్టు.

చంద్రిక తన గదిలో ఉల్లిపాయలు తరుగుతూ ఆ మాట విన్నది. కత్తి ఒక క్షణం ఆగి మళ్ళీ నడిచింది.

ఆ సాయంత్రం స్పందన తలుపు కొట్టింది.

"అక్కా, పొద్దున పొయ్యి ఎప్పుడు ఖాళీ ఉంటది? తొమ్మిది నలభైకి మంచి గడియ ఉందంట. మా అత్తమ్మ ఖమ్మంల పంతుల్ని అడిగిచ్చింది. పాలు పొంగిచ్చుకుంట."

"ఇక్కడా?" అంది చంద్రిక.

"ఎక్కడైతేంది అక్కా, ఉండే జాగ మన ఇల్లే గదా." ఆ పిల్ల నవ్వింది. "మీరు పొంగియ్యలేదా వచ్చినప్పుడు?"

చంద్రిక పొంగించలేదు. అంతకు ముందు నాలుగిళ్ళల్లో పొంగించింది. ఫ్రిస్కోలో రెండొందల మంది చూస్తుండగా పట్టుచీరలో, నల్లరాతి గట్టు మీద, పాలు నాలుగు వైపులా పొర్లి గ్యాస్ మంట ఆరిపోయేదాకా పొంగించింది. తూర్పుకి పొంగాయని అందరూ చప్పట్లు కొట్టారు. ఇక్కడికి వచ్చిన రోజు రఘు పరుపు మోసుకుంటూ మెట్లు దిగుతుంటే ఆమెకి ఆ ఆలోచనే రాలేదు. రాలేదా, రానివ్వలేదా? ఇది ఇల్లని ఒప్పుకోకుండా ఉండటానికి ఆమెకి మిగిలిన ఒకే ఒక మార్గం అది కావచ్చు.

"చేసుకో అమ్మా. ఆ టైముకి నేను వండను," అంది.

ఆదివారం తొమ్మిదిన్నరకి రఘు పనిలో ఉన్నాడు. ప్రసాద్ గారు భార్యతో సహా గుడికెళ్ళాడు. ఆదివారాలు అక్కడ ఆయన అభిషేకం వాలంటీరు, ఫోన్ చెప్పుల దగ్గర సంచీలో పెట్టేస్తాడు. ఆ సంగతి చంద్రికకి తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు ముందు ఆమె అలవాటుగా ఎనిమిదింటికే లేచి, స్టూలు చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి, ప్లైవుడ్ ముందు నిలబడిపోయింది. లోపల ఇద్దరూ గుసగుసగా నవ్వుకుంటున్నారు. స్టూలు కింద పెట్టకుండా వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళింది.

తొమ్మిది ముప్పైయైదుకి స్పందన వచ్చింది. తలంటుకుంది, నీళ్ళోడుతున్న జుట్టుకి తువ్వాలు చుట్టింది, నుదుట పెద్ద బొట్టు. వెనకాల హర్షిత్ పెళ్ళినాటి పంచె కట్టుకుని, ఫోన్ ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ఫోన్‌లో వాళ్ళమ్మ.

"ఒక గిన్నె ఇస్తరా అక్కా? చిన్నదైతే మంచిగ పొంగుతది."

చంద్రిక స్టీలు గిన్నె తీసి ఇచ్చింది.

"పొయ్యికి ఏమన్న రూల్స్ ఉన్నయా? ఏదన్న చూసుకోవాల్నా?"

చంద్రిక ఆ పిల్ల మొహంలోకి చూసింది. రాత్రంతా కిటికీ కింద పడుకున్న మొహం. నిద్ర తేటగా ఉంది.

"ఏముంటాయి, పాలే కదా," అంది. తలుపు దగ్గరగా వేసేసింది.

అవని మంచం మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే, "అమ్మా, క్యాప్," అంది.

"పాలేగా. పొగ రాదు."

ఆ మాట అబద్ధం కాదు. పాలు కాస్తే పొగ రాదు. అయితే ఆ పిల్ల పాలు కాచడానికి వెళ్ళలేదు, పొంగించడానికి వెళ్ళింది. ఎర్రగా కాలిన కరెంటు పొయ్యి చుట్ట మీద పొంగిన పాలు ఏమవుతాయో నాలుగిళ్ళలో పొంగించిన మనిషికి తెలియకపోదు. చంద్రిక మంచం అంచున కూర్చుంది. క్యాప్ ఎదురుగా మేకుకి ఉంది. లేచి తియ్యాలి. తీసి నాలుగడుగులు వెయ్యాలి. ఆమె ఆ నాలుగడుగులనీ స్పష్టంగా ఊహించుకుంది. ఎంత స్పష్టంగానంటే, వేసేసినంత నిశ్చింత కలిగింది. బల్ల అంచుకి జారుతున్న గ్లాసుని చూస్తూ మనిషి ఒక్కోసారి చెయ్యి చాచడు. పడుతుందా లేదా అని చూస్తాడు. ఆ చూసేది ఎవరు, తనలో? ఆమె తర్వాత చాలాసార్లు ఆ క్షణం దగ్గరికి వెళ్ళి తడిమింది. అక్కడ ఎవరూ దొరకలేదు.

బయట హర్షిత్, "ఆ, వస్తున్నయ్ వస్తున్నయ్, అమ్మా చూడు," అంటున్నాడు. కుర్రాళ్ళు పరుపుల మీద నుంచి లేచి కూర్చుని ఈలలు వేశారు. "గోవిందా!" అన్నాడు అవినాష్.

చుయ్యిమని శబ్దం. మాడిన పాల వాసన. ఆ వెంటనే అలారం.

దాని అరుపు ఆ తక్కువెత్తు కప్పు కింద మనిషి పుర్రెలోనే మోగినట్టుంటుంది. చంద్రిక తలుపు తీసుకుని వచ్చేసరికి బూడిదరంగు పొగ కప్పుకింద చాపలా పరుచుకుని ఉంది. స్పందన రెండు చేతులతో చెవులు మూసుకుని నవ్వుతోంది, ఇదీ వేడుకలో భాగమే అన్నట్టు. అవినాష్ బోర్లించిన బకెట్టెక్కి టీషర్టుతో అలారానికి విసురుతున్నాడు.

"అక్కా, టోపీ! టోపీ పెట్టలేదా?" అని అరిచాడు.

ఆ మోతలో ఆ మాట స్పందనకి వినబడలేదు. చంద్రిక ప్రసాద్ గారికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఆ తర్వాత రఘుకి చేసి, ఒకే మాట చెప్పింది. "ఇంటికి రావద్దు."

ఆరు నిమిషాల్లో ఫైరింజన్ వచ్చింది. దిగినవాళ్ళలో ముందున్నాయన భారీ మనిషి, తెల్లమీసాలు, కళ్ళల్లో కోపం లేదు. హాల్లోకి దిగి పొయ్యి చూసి తేలిగ్గా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత చుట్టూ చూశాడు. పరుపులు, తాళ్ళ మీద బట్టలు, గోడకి అంటించిన బాత్రూమ్ టైంటేబుల్, ప్లైవుడ్. ఆయన మొహం మారడం చంద్రిక దగ్గర నుంచి చూసింది. జాలి పడ్డాడు. ఆ జాలే వాళ్ళని ముంచింది.

"హౌ మెనీ పీపుల్ లివ్ హియర్, మేమ్?"

"ఫ్యామిలీ," అంది చంద్రిక.

ఆయన తల ఊపి, ఇక్కడ రెండో దారి లేదు, మంట అంటుకుంటే ఒక్కరూ బతకరు, ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా అందరూ బయటికి నడవండి, ఇప్పుడే, ఏమీ తీసుకోవద్దు, అన్నాడు. అవని అదంతా తెలుగులో చెప్పబోయింది. "అర్థమైందిలే," అంది చంద్రిక.

ఫిబ్రవరి చలి. డ్రైవ్‌వేలో ఎనిమిది మంది, సగం మందికి కాళ్ళకి ఏమీ లేవు. హర్షిత్ పంచెతో, భుజాల మీద ఎవరో వేసిన దుప్పటితో నిలబడ్డాడు. ఫోన్‌లో ఇంకా వాళ్ళమ్మ గొంతు, "ఏమైందిరా, ఏంది ఆ సప్పుడు? పాలు ఎటు పొంగినయ్?" అని. ఎర్రలైట్లు తిరుగుతుంటే వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. మూల మీద పెట్రోల్ బంకు దగ్గరున్న ఇసుకరంగు బండి కదిలి, నెమ్మదిగా వచ్చి ఫైరింజన్ వెనక ఆగింది. దాని వెనక ప్లేట్లు లేని వ్యాన్.

పరిగెత్తినవాళ్ళు ఎవరూ లేరు. ఇన్ని నెలలు మనసులో పరిగెత్తి పరిగెత్తి కాళ్ళు అలిసిపోయినట్టు అందరూ అలాగే నిలబడ్డారు. మాస్కులవాళ్ళు కుర్రాళ్ళని నలుగురినీ ఒక్కొక్కరిగా తీసుకెళ్ళారు. అవినాష్ వ్యాన్ ఎక్కుతూ తల వంచి, దగ్గు ఆపుకుని, వెనక్కి చూశాడు. చంద్రిక వైపే చూశాడో, ఊరికే చూశాడో.

"ఐడీ," అన్నాడు ఒకడు హర్షిత్‌తో.

"దే ఆర్ ఇన్‌సైడ్ సర్. ఐ యామ్ ఆన్ వ్యాలిడ్ స్టేటస్. టూ మినిట్స్, ఐ విల్ బ్రింగ్."

అతను తలుపు వైపు రెండడుగులు వేశాడు. తెల్లమీసాలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. లోపలికి ఎవరూ వెళ్ళడానికి వీల్లేదు, భద్రత, అన్నాడు మర్యాదగానే. హర్షిత్ ఇటు తిరిగి వీళ్ళకి చెప్పాడు. అటు తిరిగి ఆయనకి చెప్పాడు. ఎవరి పని వాళ్ళు చేస్తున్నారు. ఇద్దరి మధ్యా పంచె జారకుండా ఒక చేత్తో పట్టుకుని ఆ కుర్రాడు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. నాలుగోసారి అతని చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. ఫోన్ కింద పడింది. స్పందన దాన్ని తీసుకుని, "అత్తమ్మా, తర్వాత చేస్త," అంది, మామూలు గొంతుతో. అప్పుడు నేలమీద కూర్చుంది.

ఇంకొక మాస్కు చంద్రిక వైపు వచ్చింది. ఆమె మెడలోని సంచీ ముడి విప్పడం మొదలుపెట్టింది. వెనక నుంచి ఎవరో కేకేశారు, వ్యాన్ ఫుల్ అని. మాస్కు ఆగి, ఒకసారి అవనిని చూసి, వెనుదిరిగింది.

రఘు పనిలో ఉన్నాడు. రఘు దొరకలేదు. చంద్రిక లోపల వెచ్చగా ఏదో కదిలింది. అది సంతోషమని గుర్తుపట్టడానికి ఆమెకి కొంచెం సమయం పట్టింది. ఎదురుగా నేలమీద ఆ పిల్ల ఉంది.

పన్నెండింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఇక్కడ ఎవరూ ఉండకూడదని తలుపుకి ఎర్రకాగితం అంటించాడు. విభూతి రేఖలతో, చేతిలో ప్రసాదం డబ్బాతో గుడి నుంచి వచ్చిన ఆంజనేయప్రసాద్ ఆయన వెనకే తిరుగుతూ, వాళ్ళు అద్దెకున్నవాళ్ళు కాదు సార్, గెస్టులు, అని ఇంగ్లీషులో చెబుతున్నాడు. ఒక్కొక్కరికి పది నిమిషాలిచ్చి బట్టలు తెచ్చుకోనిచ్చారు. చంద్రికే తన మూటా, స్పందన సూట్‌కేసులూ పైకి తెచ్చింది. ప్లైవుడ్ వెనక కిటికీ గాజుని ఎవరో తడిబట్టతో తుడిచి ఉంచారు. ఇన్నాళ్ళుగా తను తుడవాలని ఎందుకు అనుకోలేదో ఆమెకి తెలియలేదు.

"ఇక్కడ నిలబడకండమ్మా," అన్నాడు ప్రసాద్ గారు బతిమాలుతున్నట్టు. "పక్కిళ్ళవాళ్ళు వీడియోలు తీస్తున్నారు. మీకు దణ్ణం పెడతాను, ఎటైనా వెళ్ళండి."

నళిని గారు ఫోన్‌లో, "నలుగురేనా? సరే రండి, పిండి డబ్బాల వెనక నేల ఉంది. పొద్దున ఐదుకల్లా లేవాలి మరి," అంది.

ఉన్న కారు హర్షిత్‌ది. స్పందనకి డ్రైవింగ్ రాదు. చంద్రిక నడిపింది. పక్క సీట్లో స్పందన, వెనక మూటల మధ్య అవని. రైస్ కుక్కర్ అవని ఒళ్ళో ఉంది. స్టేషన్ దగ్గర చెకింగ్ తప్పించుకోవడానికి చంద్రిక ఇళ్ళ మధ్య సందుల్లోంచి మెల్లగా పోనిచ్చింది. స్పందన ఏడుస్తూనే ఉంది.

"నా వల్లనే అక్కా. అందరికీ నా వల్లనే. పాలు పొంగియ్యకుంటే ఏమయ్యేది? అవినాష్ అన్న, వాళ్ళందరు... మీ ఇల్లు గూడ పాయె. నన్ను మాఫ్ చెయ్యుండ్రి అక్కా."

చంద్రిక ఎడమచెయ్యి స్టీరింగ్ మీద ఉంచి, కుడిచేత్తో ఆమె తల నిమిరింది. "నీ తప్పేముందమ్మా," అంది. ఆ మాట నిజమే. నిజాన్నే చెబుతూ ఇంత పెద్ద అబద్ధం ఆడొచ్చని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆ పిల్ల ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని చెంపకి ఆనించుకుంది. చెంప వేడిగా ఉంది. చంద్రిక చెయ్యి తీసుకోలేకపోయింది. ఇప్పుడు చెప్పాలి, అనుకుంది. ఆ మూల తిరిగాక. ఆ స్టాప్ సైన్ దాటాక.

"నాట్ యువర్ ఫాల్ట్, ఆంటీ," అంది అవని వెనక నుంచి. ఏడుస్తున్న పెద్దవాళ్ళని ఊరుకోబెట్టాలని, తనకొచ్చిన తెలుగంతా కూడగట్టుకుంటూ. "అమ్మ అలారంకి క్యాప్ పెట్టలేదు. అందుకే. ఎవ్రీ టైమ్ పెడతాం. నేను అమ్మకి చెప్పాను కూడా. ఇట్ వజ్ జస్ట్ ఎ మిస్టేక్."

"ఏం క్యాప్?"

అవని వివరించింది. ఓపిగ్గా, వివరంగా, స్కూల్లో చెప్పినట్టు. పొగ వెళ్ళకుండా, మోగకుండా, ప్లాస్టిక్‌ది. మా గదిలో ఉంటుంది.

చంద్రిక చెయ్యి స్పందన చెంప దగ్గరే ఉంది. దాన్ని పట్టుకున్న వేళ్ళు మెల్లగా విడివడ్డాయి.

"నేను అడిగిన కదా అక్కా," అంది స్పందన. "ఏమన్న చూసుకోవాల్నా అని అడిగిన కదా మిమ్మల్ని."

"మర్చిపోయానమ్మా."

"ఈ పాప చెప్పిందంట కదా."

చంద్రిక రోడ్డు వైపు చూసింది. మర్చిపోయానన్నది నిజమో కాదో ఆమెకే తెలిస్తే బాగుండేది. నిజమని తెలిస్తే ఏడ్చేది. కాదని తెలిస్తే కాళ్ళు పట్టుకునేది.

"కార్ ఆపుండ్రి," అంది స్పందన.

"ఇక్కడెక్కడ ఆపను? చెకింగ్ దగ్గరలోనే..."

"ఆపుండ్రి అక్కా."

ఆపింది. రెండు వైపులా మూసిన గ్యారేజీలు, ఎండిన పచ్చిక మీద పాత మంచు. స్పందన చెయ్యి చాచి ఇంజన్ తాళం తిప్పి, తీసి, పిడికిట్లో పెట్టుకుంది. ఏడుపు ఆగిపోయింది. ఆ మొహంలో తేటదనం ఇక లేదు. ఒక్క పూటలో అది ఆ బేస్‌మెంట్‌లోని అందరి మొహాల్లాంటి మొహమైపోయింది.

"ఇది మా ఆయన కారు. దిగుండ్రి."

"నీకు నడపడం రాదు కదమ్మా. ఒక్కదానివీ..."

"దిగుండ్రి."

చంద్రిక దిగింది. వెనక తలుపు తీసి, రైస్ కుక్కర్ సీటు మీద పెట్టి, కూతుర్నీ తమ మూటనీ దింపింది. తలుపు వేసిన వెంటనే లోపల నుంచి తాళాలు పడ్డ చప్పుడు. అవని, "వై? అమ్మా, వాట్ డిడ్ ఐ సే?" అంటోంది. చంద్రిక ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు అవతలి వైపుకి నడిచింది.

నళిని గారి వంటశాల ఇంకా నాలుగు మైళ్ళు. నడిస్తే రెండు చెక్‌పోస్టులు. రఘు ఫోన్ చేస్తున్నాడు. ఎక్కడికి రావాలో అడుగుతాడు. ఆమె ఫోన్ మోగనిచ్చింది.

కారు కదల్లేదు. ఆ పిల్ల పక్కసీట్లో నిటారుగా కూర్చుని ముందుకి చూస్తోంది, డ్రైవరు సీట్లోకి ఎవరో ఇప్పుడే వచ్చి కూర్చుంటారన్నట్టు. గాజు మీద ఆమె ఊపిరి ఆవిరి పట్టింది. సందు చివర ఏదో పెద్ద బండి మలుపు తిరుగుతున్న శబ్దం వచ్చింది. చంద్రిక కారు వైపు ఒక అడుగు వేసింది. లోపల స్పందన తల తిప్పి చూసింది. ఆ అడుగు అక్కడే ఆగింది.